పెద్దల పండగకి వహాకా వెళ్ళొచ్చాం: వంట, మగ్గం, బొమ్మలు, శ్మశానం (ప్రశ్నలుంటే అడగండి)

హ్యూస్టన్_పద్మ · మార్చి 8, రాత్రి 9:40

నమస్కారం అందరికీ. చాలా రోజులుగా రాద్దామనుకుంటూనే వాయిదా వేస్తున్నాను, ఈ వారం ముగ్గురు విడివిడిగా మెసేజ్ చేసి అడిగేసరికి ఇక్కడే రాసేస్తే అందరికీ పనికొస్తుందనిపించింది. 2024 అక్టోబర్ 26 నుంచి నవంబర్ 3 దాకా మెక్సికోలోని వహాకాలో ఉన్నాం. స్పెల్లింగ్ చూసి ఓక్సాకా అని చదువుతాం కానీ పలికేది వహాకా.

మొత్తం పదిమందిమి. తెలుగువాళ్ళం నలుగురం, మిగతా ఆరుగురు ఇక్కడ కుట్లు అల్లికల క్లబ్బులో పరిచయమైనవాళ్ళు. పెద్ద కంపెనీ ప్యాకేజీ కాదు. అక్కడే పుట్టి పెరిగిన ఒకావిడ పదిమందికి మించకుండా తీసుకెళ్తుంది. పొద్దున ఒక ఊరు, ఆ ఊళ్ళో చేతిపని చేసేవాళ్ళ ఇల్లు, మధ్యాహ్నం ఆ ఇంట్లోనో పక్కింట్లోనో మనమే చేయి వేసి వంట, అందరూ కలిసి భోజనం. అంతే.

తెలియనివాళ్ళకి పండగ గురించి రెండు ముక్కలు. పేరు దియా దె ముయెర్తోస్. పోయిన మనవాళ్ళు ఏడాదికొకసారి ఇంటికి వస్తారని నమ్మకం. నవంబర్ 1 పిల్లలకి, 2 పెద్దలకి అంటారు కానీ ఒక్కో ఊరిది ఒక్కో పద్ధతి, ఒక్కో వేళ. ఇంట్లో బల్ల మీద ఒఫ్రెందా అనే పీఠం అమరుస్తారు: ఫోటోలు, కొవ్వొత్తులు, గ్లాసుడు నీళ్ళు, ఉప్పు, రొట్టెలు, పండ్లు, పోయినవాళ్ళకి ఇష్టమైన తిండి, పైన చెరుకుగడలు వంచి కట్టిన తోరణం, ఎక్కడ చూసినా బంతిపూలు. కోపాల్ అనే చెట్టు బంకని నిప్పుల మీద వేసి పొగ వేస్తారు, వాసన మన సాంబ్రాణికి చాలా దగ్గర. 2008లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. మెక్సికో సిటీలో పుర్రె మేకప్‌లతో పెద్ద ఊరేగింపు వీడియోలు మీరంతా చూసే ఉంటారు, అది 2016లో మొదలైంది, అంతకుముందు ఏడాది వచ్చిన ఒక జేమ్స్ బాండ్ సినిమాలో అలాంటిది చూపించాక. వహాకా చుట్టుపక్కల ఊళ్ళల్లో జరిగేది వేరు, అది ఎక్కువగా వంటింట్లో జరుగుతుంది.

గుంటూరు_ఘాటు · మార్చి 8, రాత్రి 10:15

అక్కా, ముందు మోలే సంగతి చెప్పండి. చాక్లెట్ కూర అంటారే, అది నిజంగా తియ్యగా ఉంటుందా? ఏ మిరపకాయలు వాడారు, కారం మన నాలుకకి ఆనిందా?

హ్యూస్టన్_పద్మ · మార్చి 9, ఉదయం 7:05

చాక్లెట్ కూర అని మాత్రం అనొద్దు తమ్ముడూ, దానికి అన్యాయం చేసినట్టే. చాక్లెట్ చివర్లో వేసేది, అదీ కొంచెమే. అసలు సంగతంతా మిరపకాయల్లో, మాడ్చడంలో ఉంది.

నల్ల మోలేకి, అంటే మోలే నెగ్రోకి, ముఖ్యమైన కాయ చిల్వాక్లే నెగ్రో. పొట్టిగా బుడ్డగా నల్లగా ఉంటుంది, వహాకా రాష్ట్రంలోనే పండుతుంది, ఖరీదెక్కువ. దానితో ములాతో, పసియా అనే ఎండుకాయలు కలిపారు. కాయలు చీల్చి గింజలు, ఈనెలు తీసేసి తొక్కల్ని మట్టి పెనం మీద (కొమాల్ అంటారు) నల్లబడేదాకా కాల్చి నీళ్ళలో నానేశారు. ఆ తర్వాత గింజల్ని విడిగా బొగ్గయ్యేదాకా మాడ్చారు. ఈ పని పెరట్లో ఎందుకు పెట్టారో మాకు అప్పుడే అర్థమైంది, ఘాటుకి పదిమందిమీ పొలమారిపోయి గోడ అవతలికి వెళ్ళి నిలబడ్డాం. ఆ మాడిన గింజల్ని చేదు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి నానబెట్టి, మాడ్చిన తోర్తియ్యాలతో (మొక్కజొన్న రొట్టెలు) కలిపి నూరుతారు. ఆ నలుపు అక్కడినుంచి వస్తుంది, చాక్లెట్ వల్ల కాదు. ఆపైన నువ్వులు, బాదం, వేరుశనగ, కిస్మిస్, అరటిపండు, లవంగం, దాల్చినచెక్క, మిరియాలు, వెల్లుల్లి, ఉల్లి, టమాటాలు ఒక్కొక్కటీ విడిగా వేయించి నూరి, పెద్ద మట్టి కుండలో గంటలకొద్దీ కలుపుతూ ఉడికించారు. కారం మన గోంగూర పచ్చడిలో సగం కూడా ఉండదు. ముందు పొగవాసన, తర్వాత కొంచెం తీపి, మింగాక గొంతులో మెల్లగా వేడి.

నూరింది మెతాతే మీద. మూడు కాళ్ళ వాలు రాయి, మీద రాతి కర్ర. మా నాయనమ్మ సన్నికల్లు మీద పొత్రంతో పచ్చడి నూరేది కదా, ఒంటి కదలిక అచ్చం అదే, కాకపోతే వీళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం ఒంటి బరువుతో తోస్తారు. మేము వంట చేసిన ఇంటావిడ తల్లికి డెబ్బై దాటాయి, నేను నాలుగు తోపులు తోసేసరికి ఆవిడ నా భుజం పట్టుకుని కిందికి నొక్కి చూపించింది, చేతులతో కాదు నడుముతో తొయ్యమని. భాష రాకపోయినా అర్థమైంది. ఆవిడ మాట్లాడేది జపోతెక్, స్పానిష్ కూడా తక్కువే.

మన మిరపకాయ పుట్టిల్లు మెక్సికోనే. పోర్చుగీసువాళ్ళు తెచ్చాక కదా మనకి గుంటూరు వచ్చింది. ఎండుమిర్చి రాశుల మధ్య త్లకొలూలా ఆదివారం సంతలో తిరుగుతుంటే నాకు మీరే గుర్తొచ్చారు, నిజంగా.

శాకాహారి_కిరణ్ · మార్చి 9, ఉదయం 11:30

పద్మగారూ, చదువుతుంటేనే వెళ్ళాలనిపిస్తోంది కానీ మా అమ్మ, నేను, మా ఆవిడ గుడ్డు కూడా ముట్టుకోం. వంట మీదే నడిచే యాత్రకి మాలాంటివాళ్ళు వెళ్తే మిగతావాళ్ళకి ఇబ్బంది, మాకు టెన్షన్. నిజం చెప్పండి, వద్దంటే వద్దనే చెప్పండి.

వసంత_శాన్‌హోసే · మార్చి 9, మధ్యాహ్నం 1:10

కిరణ్‌గారూ, నేను 2022లో వెళ్ళాను, పుట్టుకతో శాకాహారిని కాబట్టి ఇది నేను చెప్తాను. వెళ్ళొచ్చు, కానీ కళ్ళు తెరుచుకుని వెళ్ళాలి. మాంసం కనపడేది కాదు అసలు సమస్య, కనపడని కొవ్వు. నల్ల చిక్కుళ్ళ ముద్దలో పంది కొవ్వు వేస్తారు, దాన్ని మంతేకా అంటారు. త్లయూదా అని పళ్ళెమంత కరకరలాడే తోర్తియ్యా ఉంటుంది, దానికి అడుగున అసియెంతో పూస్తారు, అదీ పంది కొవ్వే, కొవ్వు కాచాక అడుగున మిగిలే మడ్డి. తమాల్ (ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించేది) పిండిలో మంతేకా, మోలేలో కోడి రసం. నారింజ ముక్కల మీద చల్లే ఎర్ర ఉప్పులో పురుగుల పొడి కలుస్తుంది. బజార్లో వేయించి అమ్మే చపులీన్లు అంటే మిడతలు, అవి కనపడతాయి కాబట్టి తప్పించుకోవచ్చు. "సిన్ మంతేకా, సిన్ అసియెంతో, సిన్ కాల్దో దె పోయో", ఈ మూడు మాటలు కాగితం మీద రాసుకోండి. కొవ్వు లేకుండా, ఆ మడ్డి లేకుండా, కోడి రసం లేకుండా అని.

పండగ రొట్టె మీకు కుదరదు, పేరే పాన్ దె యెమా, పచ్చసొన రొట్టె. పైన రంగులేసిన చిన్న ముఖం అతికించి ఉంటుంది, పీఠం మీద పెట్టడానికి కొనండి, తినకపోతే ఏం.

తినగలిగినవి చాలానే ఉన్నాయి. గుమ్మడిపూల కెసదియాలు (లోపల చీజ్ పెట్టి మడిచిన తోర్తియ్యాలు), నోపాల్ కూర (నాగజెముడు లేత రెమ్మలు ముళ్ళు తీసి వండుతారు, బెండకాయలా జిగురు), గుమ్మడికాయ ముక్కలు బెల్లం పాకంలో ఉడికించినవి, నీళ్ళతో కాచి నురుగు చిలికిన చాక్లెట్. తెహాతే అయితే తప్పకుండా తాగండి. మొక్కజొన్న, కోకో గింజలు, మమేయ్ పండు గింజ, ఒక రకం ఎండు పువ్వు కలిపి నూరి, పెద్ద మట్టి తొట్టిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి గిలక్కొడితే పైన తెల్లటి నురుగు తేలుతుంది. ఎండిన కాయ బుర్రతో చేసిన గిన్నెలో పోసిస్తారు.

చిన్న గుంపు మీకు పనికొచ్చేది ఇక్కడే. ముందే చెప్తే వంట చేసే ఇంటివాళ్ళు చిన్న కుండ విడిగా నూనెతో పెడతారు. నాకు అమరీయో (పసుపు) మోలే అలాగే చేశారు, కూరగాయల రసంతో. నలభై మంది బఫేలో ఎవరు పట్టించుకుంటారు?

మగ్గం_శ్రీను · మార్చి 9, రాత్రి 8:20

అందరికీ దండాలు. మాది పోచంపల్లి దగ్గర, మా నాయిన ఇప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు, నేను సాఫ్ట్‌వేర్‌లకి వచ్చేసిన. పద్మక్కా, నేత ఊరు పోయిండ్రా? ఏం రంగులు, ఏం నూలు, ఎట్ల అమ్ముతున్నరు, బతుకుతున్నరా? ఇవన్నీ చెప్పండి, తీరిగ్గానే.

హ్యూస్టన్_పద్మ · మార్చి 9, రాత్రి 11:00

శ్రీనూ, మేము ఎక్కువ ఉన్నదే నేత ఊళ్ళో. తియోతిత్లాన్ దెల్ వాయె, వహాకా నుంచి ఓ అరగంట పైన కారులో. నూలు కాదు, ఉన్ని. కాలితో తొక్కే మగ్గాలు స్పెయిన్‌వాళ్ళు వచ్చాక వచ్చినవి, అంతకుముందు నడుముకి కట్టుకునే మగ్గాలు. ఎక్కువగా తివాచీలు నేస్తారు. దగ్గర్లో మిత్లా అని పాత రాతి కట్టడాలున్నాయి, వాటి గోడల మీద మెట్లు మెట్లుగా తిరిగే డిజైన్లుంటాయి, అవే తివాచీల్లోకి వచ్చాయి.

రంగుల దగ్గర నేను గంటసేపు కదల్లేదు. నోపాల్ ముక్కల మీద తెల్లటి బూజులా ఒక పురుగు ఉంటుంది, కొచినీల్. దాన్ని ఎండబెట్టి నూరితే రక్తంలా ఎరుపు. స్పెయిన్ ఏలిన రోజుల్లో మెక్సికో నుంచి వెండి తర్వాత అంత విలువగా ఎగుమతైంది ఇదేనట. ఇంటాయన అరచేతిలో చిటికెడు పొడి నలిపి, నిమ్మరసం పిండాడు, ఎరుపు కాస్తా నారింజ అయింది. మీద సున్నపు పొడి వేశాడు, ఊదా అయింది. పసుపుకి బంతిపూలు కూడా వాడతారు. నీలానికి నీలిమందు, అదే రాష్ట్రంలో నీల్తెపెక్ అనే ఊరినుంచి వస్తుంది, ముద్దలు ముద్దలుగా.

నువ్వు అడుగుతావని తెలుసు, మీలాగా దారాన్ని ముందే కట్లు కట్టి రంగులద్దే పద్ధతి ఈ ఊళ్ళో లేదు. కానీ మెక్సికోలో ఉంది. రెబోసో అనే పొడవాటి శాలువాలు తెనాన్సింగోలో అలాగే నేస్తారు, ఫోటో చూస్తే నువ్వు పోచంపల్లే అంటావు.

మగ్గం_శ్రీను · మార్చి 10, ఉదయం 6:45

అక్కా మంచిగ చెప్పిండ్రు, మా నాయినకి చదివి వినిపించిన. నాది ఒక్కటే మనవి, ఇక్కడ పోయేటోళ్ళందరికీ. మగ్గం కాడ నిలబడి బేరం ఆడకండి. నేసేటాయన ముఖం ముందర సగం ధర అడిగితే ఆ పూటంతా ఆయనకు చెయ్యి ఆడదు, నేను మా ఇంట్ల కళ్ళార చూసిన. కొనలేకుంటే కొనకండి, బాగుందని చెప్పి రండి. పురుగుల రంగా రసాయన రంగా అని మాత్రం అడగండి, అది అడిగితే వాళ్ళకి సంతోషమే, తేడా తెలిసినోళ్ళు వచ్చిండ్రు అనుకుంటరు.

రవి_టొరంటో · మార్చి 10, మధ్యాహ్నం 12:30

అందరూ మంచి సంగతులు రాస్తున్నారు, నాది వేరే అనుభవం, అయినా రాయాలి. 2023లో మేము ఒక పెద్ద ట్రావెల్ కంపెనీతో వెళ్ళాం, పేరు అనవసరం. నలభై ఐదుమంది, బస్సు. అక్టోబర్ 31 రాత్రి పదకొండింటికి ఊరి చివర ఒక శ్మశానం దగ్గర దింపి నలభై నిమిషాలు టైమిచ్చారు. లోపల వేలమంది. సమాధుల మధ్య నడవడానికి దారి లేదు, అందరి చేతుల్లో ఫోన్లు, ఫ్లాష్‌లు. ఒక సమాధి దగ్గర ఒక ముసలావిడ ఒక్కతే దుప్పటి కప్పుకుని కూర్చుంది, ఆవిడ చుట్టూ పదిమంది నిలబడి ఫోటోలు తీస్తున్నారు, ఆవిడ కొంగు ముఖం మీదికి లాక్కుంది. నేను కూడా అప్పటికే ఒక ఫోటో తీశాను. హోటల్‌కి వచ్చాక తీసేశాను కానీ ఆ దృశ్యం పోలేదు. నా ఉద్దేశంలో గుంపు చిన్నదైనా పెద్దదైనా పర్యాటకులు శ్మశానానికి వెళ్ళకూడదు. వంట నేర్చుకోండి, తివాచీ కొనండి, ఆ రాత్రి వాళ్ళని వదిలేయండి.

ఓరుగల్లు_లక్ష్మి · మార్చి 10, సాయంత్రం 6:10

రవి తమ్ముడు చెప్పిందాంట్ల నిజముంది. పెత్తరమాసనాడు మా ఇంట్ల పెద్దల పేరు మీద బియ్యం ఇస్తుంటే ఎవరో తెలవనోళ్ళు గడపల నిలబడి వీడియో తీస్తే నాకు ఎట్లుంటది? కానీ అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ, అప్పుడు ఎవరొచ్చినా రమ్మంటం, చెయ్యి పట్టుకుని ఆడిపిస్తం. రెండూ ఒక్క రోజే. ఏది పిలిచేది, ఏది పిలవనిది అనేది ఆ ఇంటోళ్ళకి తెలుస్తది, మనం పోయి అడగాలె.

పద్మా, నీ ఫోటోలల్ల బంతిపూల పక్కన ముదురు ఎరుపు మెత్తటి పువ్వుంది, అది మన సీతజడ పువ్వేనా?

హ్యూస్టన్_పద్మ · మార్చి 10, రాత్రి 10:25

లక్ష్మక్కా, అవును, సీతజడే. వాళ్ళు కోడిజుట్టు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. పండగ ముందు ట్రక్కుల నిండా బంతి, సీతజడ దిగుతుంటే నాకు బతుకమ్మ ముందురోజు వరంగల్ పూల బజారే. బంతిపువ్వుకైతే అదే పుట్టిల్లు, సెంపసూచిల్ అంటారు, ఆ దేశంనుంచే ప్రపంచమంతా పాకింది. మనం ప్రతి గుమ్మానికీ కట్టుకునే పువ్వు.

రవిగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీరు చెప్పిన రాత్రి శ్మశానాలకి మేము వెళ్ళలేదు. హోహోకోత్లాన్, అత్సోంపా శ్మశానాలు 31 రాత్రి పేరున్నవి, అందుకే అక్కడికి అంత జనం. మమ్మల్ని తీసుకెళ్ళినావిడ మొదటిరోజే చెప్పేసింది, పిలవని చోటికి నేను తీసుకెళ్ళను అని. కానీ ఎవరూ వెళ్ళకూడదు అన్నదానితో నేను ఏకీభవించలేను, ఎందుకో చెప్తాను.

తియోతిత్లాన్‌లో పోయినవాళ్ళు నవంబర్ 1 మధ్యాహ్నం మూడింటికి వచ్చి, 2 మధ్యాహ్నం మూడింటికి వెళ్ళిపోతారని నమ్ముతారు. మేము వంట చేసిన ఇంటివాళ్ళు ఒకటో తారీఖు మమ్మల్ని రమ్మన్నారు. ఖాళీ చేతులతో వెళ్ళకూడదు. కొవ్వొత్తి, రొట్టె, పూలు తీసుకుని ముందు పీఠం దగ్గరికి వెళ్ళి అవి అక్కడ పెట్టాలి, ఆ తర్వాతే ఇంట్లో పెద్దవాళ్ళని పలకరించాలి. వేడి చాక్లెట్, రొట్టె ఇచ్చారు, తర్వాత మోలే. మేము నూరిన మోలే, మేము కాదు ముందు తిన్నది, పీఠం మీద పెట్టాక మాకు. మా గడపలో కూడా సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టి, ముందు వాళ్ళకి వడ్డించాకే మేం తినేవాళ్ళం, కాబట్టి నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది.

మా అమ్మ పోయి అప్పటికి ఏడాదిన్నర. నేను చెప్పలేదు, నాతో వచ్చిన స్నేహితురాలు చెప్పింది. ఆ ఇంటి పెద్దావిడ, మీ అమ్మ ఫోటో ఉందా అని అడిగింది. పర్సులో పాస్‌పోర్టు సైజుది ఉంది. వాళ్ళ అత్తగారి ఫోటో పక్కన నిలబెట్టి, మీ అమ్మకి ఏం ఇష్టం అని మనవరాలిచేత అడిగించింది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అన్నాను, మా అమ్మ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఒక్కతే శేరు తినేసేది. పీఠం మీద వేరుశనక్కాయలు అప్పటికే రాశి పోసి ఉన్నాయి, అక్కడ అందరూ పెడతారు. ఆవిడ గుప్పెడు తీసి ఫోటో ముందుకి జరిపింది. రెండో తారీఖు మూడు దాటాక వాళ్ళతోపాటే శ్మశానానికి వెళ్ళాం, పూలు మోశాం, సమాధి చుట్టూ గడ్డి పీకాం. ఫోన్లు వ్యాన్‌లోనే వదిలేశాం. మమ్మల్ని ఎవరూ వింతగా చూడలేదు, ఎవరి సమాధి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

రవి_టొరంటో · మార్చి 11, ఉదయం 9:15

పద్మగారూ, నా మాట కొంచెం సరిచేసుకుంటున్నాను. పిలిస్తే వెళ్ళొచ్చు. పిలవడానికి ముందు రెండు మూడు రోజులు ఆ ఇంట్లో పని చేసి ఉండాలి. మేము దిగింది నలభై నిమిషాలకి, మమ్మల్ని ఎవరు పిలుస్తారు?

కొండపల్లి_కోడలు · మార్చి 11, మధ్యాహ్నం 2:40

బొమ్మల గురించి ఎవరూ రాయలేదేంటి? నేను 2019లో వెళ్ళాను. మాది కొండపల్లి పక్కనే, అందుకే సాన్ మార్తీన్ తిల్కహేతే, అర్రసోలా రెండు ఊళ్ళూ వదల్లేదు. అక్కడి చెక్కబొమ్మల్ని అలెబ్రీహెలు అంటారు, రెక్కల కుందేళ్ళు, తోకల పిల్లులు, ఒళ్ళంతా సన్నటి చుక్కలు. ఆ పేరు మెక్సికో సిటీలో పెద్రో లినారెస్ అనే ఆయన కాగితం గుజ్జుతో చేసిన వింత జంతువులది, ఆయన జ్వరంలో కల కన్నాడని కథ. వహాకాలో చెక్కతో చెక్కడానికి పేరు తెచ్చింది అర్రసోలా ఊరి మనువేల్ హిమేనెస్. మనకి తెల్ల పొనికి ఎలాగో వాళ్ళకి కోపాల్ చెక్క అలాగ, తేలిక, మెత్తన. మనవాళ్ళు విడివిడి ముక్కలు చెక్కి చింతగింజల మక్కుతో అతికిస్తారు, వాళ్ళు వీలైనంతవరకు కొమ్మ ఎలా వంగి ఉంటే ఆ వంపులోనే జంతువుని చూస్తారు. గిరాకీకి చెట్లు తరిగిపోతుంటే మళ్ళీ నాటుతున్నారు కూడా. మన కొండపల్లి అడవిలో పొనికి పరిస్థితి తెలిసినదాన్ని కాబట్టి ఆ మొక్కలు చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి.

ఒక జాగ్రత్త. సాన్ బార్తోలో కొయొతెపెక్‌లో నల్ల మట్టి కుండలు అమ్ముతారు, అద్దంలా మెరుస్తాయి. 1950లలో దోన్యా రోసా అనే ఆవిడ పచ్చి కుండని రాయితో రుద్ది ఆ మెరుపు రప్పించింది. నీళ్ళు పోస్తే ఊరిపోతాయి, అలంకరణకే. బట్టల్లో చుట్టి చేతి సంచిలో తెచ్చుకోండి, నావి రెండు పగిలాయి.

శాకాహారి_కిరణ్ · మార్చి 11, రాత్రి 9:00

ఇంట్లో అందరం కూర్చుని ఈ చర్చంతా చదివాం, వెళ్తున్నాం. వీసా, విమానం, చలి గురించి చెప్పండి. అమ్మకి 68, మోకాళ్ళ నొప్పి ఉంది. కొవ్వొత్తి ఎక్కడ కొనాలి, ఇక్కడినుంచి తీసుకెళ్ళమంటారా?

హ్యూస్టన్_పద్మ · మార్చి 11, రాత్రి 10:50

సంతోషం కిరణ్‌గారూ. పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా గానీ, గ్రీన్‌కార్డు గానీ ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. స్టాంపు గడువు అయిపోయి ఉంటే మాత్రం టికెట్ కొనేముందే కాన్సులేట్‌ని అడగండి. హ్యూస్టన్, డాలస్ నుంచి నేరుగా విమానాలున్నాయి. మెక్సికో సిటీ నుంచి బస్సులో అయితే ఆరేడు గంటలు, అమ్మగారికి వద్దు. ఊరు సుమారు 1,550 మీటర్ల ఎత్తులో ఉంది, పగలు ఎండ, రాత్రి శాలువా కావాలి. సంతల్లో కార్డు నడవదు, పెసోలు చిల్లరగా ఉంచుకోండి. గదులు మాత్రం ఇప్పుడే చూడండి, మేము ఫిబ్రవరిలో చేసుకుంటే అప్పటికే సగం నిండాయి.

కొవ్వొత్తి ఇక్కడినుంచి వద్దు. తియోతిత్లాన్‌లోనే తేనెమైనంతో, మైనం పూలు అద్ది చేసేవాళ్ళున్నారు, ఆ ఊరికి అదొక పేరు. అక్కడే కొని ఆ ఊరి ఇంట్లోనే పెడితే బాగుంటుంది. అమ్మగారు మెతాతే ముందు మోకాళ్ళ మీద కూర్చోలేకపోతే బాధపడొద్దని చెప్పండి, బల్ల మీద కూర్చుని వెల్లుల్లి వలవడానికి, తమాల్ ఆకులు తుడవడానికి నలుగురు ముసలమ్మలు ఎప్పుడూ ఉంటారు, ఆవిడకి పక్కన చోటిస్తారు.